14 మంది ఉన్న ఊరు: కాన్సస్‌లోని నికోడెమస్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పొద్దుతిరుగుడు:

అందరికీ నమస్కారం. కిందటి వారం డెన్వర్‌లో తమ్ముడి ఇంటి నుంచి కాన్సస్ సిటీకి కారులో తిరిగొస్తున్నాం. ఎప్పుడూ వచ్చే ఐ-70 కాకుండా ఈసారి కోల్బీ దగ్గర దిగి 24వ నంబరు హైవే పట్టుకుందామని మా అమ్మాయి పట్టుబట్టింది. ఆ దారిలో కాకర్ సిటీలో పెద్ద పురికొస ఉండ ఒకటుంది, అది చూడాలట. సరే అన్నాను.

హిల్ సిటీ దాటాక కాసేపటికి రోడ్డు పక్కన నేషనల్ పార్క్ సర్వీస్ బోర్డు కనిపించింది. నికోడెమస్ నేషనల్ హిస్టారిక్ సైట్ అని రాసుంది. ఆగాం. సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాలు, పాత చర్చి, మూతపడ్డ బడి, అక్కడక్కడ ఇళ్లు. వాటి చుట్టూ కనుచూపు మేర చేలు. అప్పటికే ఆలస్యమైంది, హాలు మూసేశారు. అడగడానికి మనిషి కనపడలేదు. ఫోన్‌లో చూస్తే 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 14 మంది!

బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు కట్టుకున్న ఊరని మాత్రం అర్థమైంది. "అన్‌ఇన్‌కార్పొరేటెడ్ కమ్యూనిటీ" అని కూడా ఉంది. అంటే అధికారికంగా ఊరు కాదనా? 14 మంది ఉన్న చోటికి జాతీయ స్థాయి గుర్తింపు ఎలా వచ్చింది? మా అమ్మాయి పురికొస ఉండ సంగతి మర్చిపోయి దారంతా ఇవే ప్రశ్నలు వేసింది. నా దగ్గర జవాబుల్లేవు.

పాత_పటాలు:

పొద్దుతిరుగుడు గారూ, నేను టొపీకాలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. నికోడెమస్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాను. ఆ ఊరి గురించి ఎవరైనా అడిగితే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

1877 నాటి మాట. అంతర్యుద్ధం ముగిసి 12 ఏళ్లు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లకి రక్షణగా ఉన్న ఫెడరల్ సైన్యం ఆ ఏడాదే వెనక్కి తగ్గింది. బానిసత్వం పోయింది గానీ చేతికి సెంటు భూమి రాలేదు. పాత యజమానుల పొలాల్లోనే కౌలుకో కూలికో బతకాలి. అప్పుడే డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు కలిసి "నికోడెమస్ టౌన్ కంపెనీ" పెట్టారు. స్మిత్ అధ్యక్షుడు, హిల్ కోశాధికారి. మీరు దాటొచ్చిన హిల్ సిటీ ఈ హిల్ పేరు మీదే వెలిసింది.

కెంటకీలో లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ చుట్టుపక్కల కరపత్రాలు పంచారు. 1877 సెప్టెంబరు 5న కాన్సస్ వెళ్లదలచిన నల్లవాళ్లంతా 5 డాలర్లతో వెళ్లవచ్చని ఒక దాంట్లో ఉంది. అంతకుముందు జూలైలో వేసిన ఇంకో కరపత్రంలో ఊరి స్థలం ఏ సెక్షన్లో ఏ మూల ఉందో సర్వే నంబర్లతో సహా చెప్పి, టొపీకాకి పడమరగా 240 మైళ్ల దూరంలో, గొప్ప సొలొమన్ లోయలో అందంగా అమరి ఉందని రాశారు.

సెప్టెంబరు 17న సుమారు 300 మంది వచ్చారు. రైలు ఎల్లిస్ వరకే. అక్కడి నుంచి 35 మైళ్ల దాకా నడక, బండ్లు. తీరా వచ్చి చూస్తే ఊరు లేదు. ఇల్లు కట్టడానికి చెట్లే లేవు. ముందుగా వచ్చిన కొద్దిమంది నేలలో గుంతలు తవ్వుకుని, పైన గడ్డివేళ్లతో సహా పెళ్లగించిన మట్టిగడ్డలు కప్పుకుని ఉంటున్నారు. వీటినే డగౌట్లు అంటారు. కొన్ని కుటుంబాలు మర్నాడే వెనుదిరిగాయి. తిరుగు ప్రయాణానికి డబ్బు లేనివాళ్లు, వెనక్కి వెళ్లేది లేదని తేల్చుకున్నవాళ్లు ఉండిపోయారు.

ఆ మొదటి చలికాలం ఎలా గడిచిందో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. పంట వేసే అదను దాటిపోయింది. పనిముట్లు లేవు, గుర్రాలు రెండో మూడో. పొయ్యిలోకి ఎండిన అడవిదున్న పేడ, పొద్దుతిరుగుడు కాడలు. వేటనుంచి తిరిగొస్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్లు తమ మాంసంలో కొంత ఇచ్చి ఆదుకున్నారని ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. తమ నేల మీంచి తరిమివేయబడ్డవాళ్లు, తమకంటూ నేల ఎన్నడూ లేనివాళ్లకి అన్నం పెట్టారు. నాకు ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే అనిపిస్తుంది.

ఆ అక్టోబరులోనే ఒక డగౌట్‌లో ఎమ్మా విలియమ్స్ అనే ఆమెకి కొడుకు పుట్టాడు. నికోడెమస్‌లో పుట్టిన మొదటి బిడ్డ, పేరు హెన్రీ.

మజరా_మనిషి:

నేను అనంతపురం జిల్లాలో రెవెన్యూ శాఖలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. అబ్బాయి దగ్గరికి డాలస్ వచ్చి ఆరు నెలలైంది. ఆ "అన్‌ఇన్‌కార్పొరేటెడ్" సంగతి ఇక్కడికొచ్చాక మావాడిని అడిగి అడిగి తెలుసుకున్నాను.

అమెరికాలో నలుగురు ఒకచోట ఇళ్లు కట్టుకుంటే అది దానంతట అది మునిసిపాలిటీ అయిపోదు. రాష్ట్ర చట్టం ప్రకారం మునిసిపాలిటీగా గుర్తింపు పత్రం పొందితేనే సొంత మేయరు, కౌన్సిలు, సొంత పన్నులు. అది పొందని ఊరిని అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అంటారు. ఊరు ఉంటుంది, పేరు ఉంటుంది, మనుషులుంటారు, ఊరికంటూ ప్రభుత్వం ఉండదు. రోడ్డు బాగోగులు, షెరీఫు, పన్ను వసూలు అన్నీ కౌంటీ (మన జిల్లా లాంటిది) చూసుకుంటుంది. కాన్సస్‌లో కౌంటీ కింద టౌన్‌షిప్పులు కూడా ఉన్నాయి. జనాభా లెక్కలవాళ్లు మాత్రం లెక్క కోసం ఒక గీత గీసి ఆ చోటుని గుర్తిస్తారు.

మన లెక్కలో చెప్పాలంటే మజరా. తెలంగాణ మిత్రులు మదిర అంటారు, కోస్తాలో శివారు గ్రామం అంటారు. రెవెన్యూ గ్రామానికే అడంగల్, దానికే సర్వే నంబర్లు. దాని పొలిమేరలో ఎన్ని పల్లెలున్నా అన్నీ ఆ ఒక్క పేరు కిందికే వస్తాయి. నేను పనిచేసిన ఒక మండలంలో అసలు ఊరికన్నా మజరాయే పెద్దది. అయినా కాగితం మీద దాని పేరుండదు. ఆ పల్లెవాళ్లు సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడల్లా "సార్, మా ఊరి పేరు రాయండి" అని అడిగేవారు. రాయడానికి ఫారంలో గడి ఉండేది కాదు.

లంబాడీ_బిడ్డ:

మజరా_మనిషి గారూ, మీ చివరి మాటలు చదివి ఆగిపోయాను సార్. మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. నా పదో తరగతి మెమోలో, నా క్యాస్ట్ సర్టిఫికెట్లో ఉన్నది పక్క ఊరి పేరు. తండాకి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మా నీళ్లు, మా వీధి దీపాలు, మా పింఛన్లు అన్నీ ఆ ఊరి పంచాయతీలోనే తేలాలి. మా నాయన అక్కడ కూర్చున్న రోజులు లెక్కలేదు.

"మా తండాలో మా రాజ్యం" అని ఎంతమంది ఎన్నేళ్లు తిరిగారో. 2018లో తెలంగాణలో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చి వేలల్లో కొత్త గ్రామపంచాయతీలు ఏర్పడ్డాయి. మొత్తం 12,751 అయ్యాయి. వాటిలో మా తండా కూడా ఒకటి. 2019 జనవరిలో సర్పంచ్ ఎన్నిక జరిగితే మా అమ్మ ఉదయం ఆరింటికే వెళ్లి లైన్లో నిలబడింది. గెలిచిందెవరు అన్నది ఆమెకి రెండో సంగతి.

ఇంకా చెప్పండన్నా పాత_పటాలు. ఆ నికోడెమస్ వాళ్లకి పదవులేమైనా దక్కాయా?

సండేస్కూల్_టీచర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ పేరు మన తెలుగు బైబిల్లోని నీకొదేము పేరే కదా? యోహాను సువార్త మూడో అధ్యాయంలో రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చి, ముసలివాడు మళ్లీ ఎలా పుట్టగలడని అడిగిన పరిసయ్యుడు. మళ్లీ పుట్టడం అన్న మాట బానిసత్వం దాటొచ్చినవాళ్లకి ఎంత దగ్గరగా అనిపించి ఉంటుందో! గుంటూరులో మా సంఘంలో నీకొదేము అనే పేరుగల తాతగారు ఉండేవారు. అందుకే పేరు చూడగానే ఈ చర్చలోకి వచ్చాను.

పాత_పటాలు:

టీచర్ గారూ, బైబిల్ పేరేనని చాలామంది అంటారు. అంతర్యుద్ధ కాలంలో నికోడెమస్ అనే ఆఫ్రికన్ బానిస గురించి ఒక పాట బాగా ప్రచారంలో ఉండేది, ఊరి పేరు అందులోంచి వచ్చిందని ఇంకొందరంటారు. ఏదైనా అర్థం ఒక్కచోటికే చేరుతుంది, మీరన్నట్టు.

లంబాడీ_బిడ్డా, నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న. దక్కాయి. ఎడ్వర్డ్ మెక్‌కేబ్ అనే యువకుడు 1878లో నికోడెమస్ వచ్చాడు. గ్రాహం కౌంటీ 1880లో ఏర్పడింది, ఆయన కౌంటీ క్లర్కుగా పనిచేశాడు. 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు, 1884లో మళ్లీ గెలిచాడు. కాన్సస్‌లో రాష్ట్రమంతా ఓటేసే పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. డగౌట్ల ఊరి నుంచి అయిదేళ్లలో రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కుర్చీ దాకా! ఆ తర్వాత ఓక్లహోమాకి వెళ్లి లాంగ్‌స్టన్ అనే ఇంకో నల్లజాతి పట్టణాన్ని నిలబెట్టడంలో ముందున్నాడు.

ఊళ్లో కూడా పెరుగుదల కనిపించింది. జాకరీ ఫ్లెచర్ అనే ఆయన పోస్టుమాస్టరు, ఆయనే సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ కట్టాడు. ఆయన భార్య జెన్నీ మొదటి పంతులమ్మ. తమ డగౌట్‌లోనే పిల్లలకి చదువు చెప్పింది. 1887 నాటికి ఊళ్లో దుకాణాలు, హోటళ్లు, చర్చిలు, బ్యాంకు, రెండు వారపత్రికలు. ఒక పత్రిక పేరు వెస్టర్న్ సైక్లోన్, రెండోది నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్. పదేళ్ల కిందట గుంతల్లో చలికి వణికిన ఊరు అది.

కన్నెగంటి_చెరువు:

ఎక్సోడస్టర్లు అంటారు చూడండి, 1879లో మిసిసిపి, లూసియానాల నుంచి వేలమంది కాన్సస్‌కి వచ్చారని చదివాను. వాళ్లు కట్టిందే కదా ఈ ఊరు?

పాత_పటాలు:

కాదండి, చాలామంది పొరబడే చోటు ఇది. ఆ పెద్ద వలస 1879లో. నికోడెమస్ దానికి రెండేళ్లు ముందు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కెంటకీ వాళ్లు, కుటుంబాలు కుటుంబాలుగా, చర్చి సంఘాలుగా కలిసి వచ్చారు. ఒకరినొకరు ముందే ఎరిగినవాళ్లు. ఆ మొదటి చలికాలం దాటడానికి అది కూడా ఒక కారణం అయ్యుంటుందని నా నమ్మకం.

కోరంగి_గాలి:

ఆ కరపత్రం గురించి చదవగానే మా తాత చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. మాది కాకినాడ దగ్గర. కోరంగి రేవు నుంచి, తర్వాత విశాఖ, కాకినాడల నుంచి తెలుగువాళ్లు రంగూన్ వెళ్లేవారు. బర్మాలో మనవాళ్లని కోరంగీలనే పిలిచేవారు. కూలీలని కుదిర్చే మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, బియ్యపు మిల్లులో పని, చేతినిండా డబ్బు అని చెప్పేవాడు. ఓడ ఎక్కాక తెలిసేది అప్పెంతో, పని ఎలాంటిదో. మా తాత 1942లో యుద్ధం అప్పుడు నడిచి వెనక్కి వచ్చాడు. దారిలో ఏం జరిగిందో అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

అందుకే నాకు ఒక సందేహం. ఆ హిల్ అనే వ్యాపారి వీళ్లని మోసం చేసినట్టే కదా? లేని ఊరిని ఉన్నట్టు చెప్పి తీసుకొచ్చాడు.

పాత_పటాలు:

వచ్చినవాళ్లూ అలాగే అనుకున్నారు. హిల్ మీద పట్టరాని కోపం వచ్చింది వాళ్లకి. కరపత్రం అందంగా అమరి ఉందన్న చోట గుంతలు తప్ప ఏమీ లేవు. దాన్ని నేను సమర్థించను.

కానీ మేస్త్రీ వ్యవస్థకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. వీళ్లు కూలికి రాలేదు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి క్లెయిము చేసుకోవడానికి వచ్చారు. అయిదేళ్లు అక్కడ ఉండి సాగుచేస్తే పట్టా వాళ్లది. నమ్మించి తెచ్చినవాడు ఎలాంటివాడైనా చివరికి చేతికొచ్చేది సొంత భూమి. మోసంతో మొదలైన ప్రయాణమని తెలిసీ వాళ్లు ఉండిపోవడానికి ఆ 160 ఎకరాలే కారణం.

మజరా_మనిషి:

మా దగ్గర డి-పట్టాలు ఇచ్చేవాళ్లం, అసైన్డ్ భూమి. అయిదెకరాలు మెట్ట ఇస్తే గొప్ప. అప్పట్లో అది అమ్మడానికి ఉండేది కాదు, తాకట్టుకీ కష్టమయ్యేది. 160 ఎకరాలు, అదీ సర్వహక్కులతో అంటే నాకు ఊహకి అందట్లేదు. కానీ ఒకటి అడుగుతాను. అక్కడ వానెంత? నీళ్లు లేకపోతే 160 ఎకరాలైనా ఏం చేసుకుంటారు?

పాత_పటాలు:

సార్, సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. గ్రాహం కౌంటీలో ఏడాదికి సుమారు 22 అంగుళాల వాన.

మజరా_మనిషి:

అనంతపురం సగటు 552 మిల్లీమీటర్లు. అంటే అదీ 22 అంగుళాల లోపే! ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. మూడేళ్లు పండితే రెండేళ్లు ఎండుతుంది. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే రైతుల్ని జీవితమంతా చూశాను. కెంటకీ పచ్చటి నేల అని విన్నాను. అక్కడి నుంచి ఇలాంటి చోటికి వచ్చి, పార పలుగు పట్టుకుని గడ్డివేళ్లు పట్టేసిన నేలని చీల్చారంటే వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి.

సింగిల్_లైను:

రైల్వే సంగతి ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నాను. ఆ ఊరి తలరాత మార్చింది వాన కాదు, రైలు.

1880ల కాన్సస్‌లో రైలు వచ్చిన ఊరే ఊరు. 1887లో నికోడెమస్ టౌన్‌షిప్ ప్రజలు మిసోరి పసిఫిక్ రైల్వే తమ ఊరి మీదుగా లైను వేస్తే 16,000 డాలర్ల బాండ్లు ఇస్తామని ఓటేశారు. పదేళ్ల కిందట చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లు! ఆ ఆశతో ఊళ్లో కొత్త కట్టడాలు లేచాయి, పత్రికలు ఊరి గొప్పతనం రాశాయి. మిసోరి పసిఫిక్ రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ లైను వేసింది, అదీ సొలొమన్ నదికి దక్షిణపు ఒడ్డున. నికోడెమస్ ఉత్తరపు ఒడ్డున ఉంది. కొన్ని మైళ్ల దూరంలో రైలు క్యాంపు దగ్గర బోగ్ అనే కొత్త ఊరు లేచింది. దుకాణాలవాళ్లు సామాన్లతో సహా, కొందరైతే కట్టడాలతో సహా అక్కడికి తరలిపోయారు. పత్రికలు ఆగిపోయాయి.

నేను రైల్వే కుటుంబంలో పుట్టాను. గుంతకల్లుని జంక్షనే పట్టణం చేసింది. బిట్రగుంటలో స్టీమ్ ఇంజన్ల షెడ్డు ఉన్నన్నాళ్లు ఊరంతా వెలుగు, ఆ ఇంజన్లు పోయాక ఖాళీ క్వార్టర్లు మిగిలాయి. మా పెదనాన్న అక్కడే ఫైర్‌మన్. పట్టాలు ఎటు తిరిగితే బతుకు అటు తిరుగుతుందని నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

పాత_పటాలు:

సింగిల్_లైను అన్నా, వివరాలన్నీ కరెక్టే. కానీ రైలు ఒక్కటే ఆ ఊరిని ముంచిందంటే నేను ఒప్పుకోను. రైలు పోయాక ఊరు ఆగిపోలేదు. పొద్దుతిరుగుడు గారు చూసిన కట్టడాల తేదీలు చూడండి. బాప్టిస్టు చర్చి 1907లో కట్టారు, బడి 1918లో, టౌన్‌షిప్ హాలు 1939లో. పోయేదనుకున్న ఊరు ఎవరూ కొత్త బడి కట్టుకోరు కదా. రైలుతో పోయింది వ్యాపారం. వ్యవసాయం నిలబడింది. 1930లలో వరసగా కరువు, దుమ్ము తుఫాన్లు, ఆ పైన ఆర్థిక మాంద్యం వచ్చి వ్యవసాయాన్ని దెబ్బకొట్టాయి. ఆ తర్వాత ట్రాక్టర్లు, కంబైన్లు వచ్చి పదిమంది చేసే పని ఒక్కడే చేయగలిగాడు. పిల్లలు డెన్వర్, టొపీకా, కాలిఫోర్నియా వెళ్లారు. 1950 నాటికి ఊళ్లో మిగిలింది 16 మంది.

సింగిల్_లైను:

బడి తేదీ నాకు తెలియదు, అది మంచి పాయింటే. అయినా ఒక్కటి ఆలోచించండి. రైలు వచ్చి ఉంటే కౌంటీ కేంద్రం వచ్చేదేమో, మునిసిపాలిటీ అయ్యేదేమో, పిల్లలకి అక్కడే ఉద్యోగాలుండేవేమో. కరువు బోగ్‌కీ వచ్చింది, హిల్ సిటీకీ వచ్చింది. హిల్ సిటీ కౌంటీ కేంద్రంగా నిలబడింది. తట్టుకునే బలం రైలు వల్ల వస్తుందనేదే నా మాట.

పాత_పటాలు:

ఆ మాట ఒప్పుకుంటాను. నదికి ఈ ఒడ్డు, ఆ ఒడ్డు అన్నంత చిన్న తేడా.

వానచినుకు:

ఇప్పటిదాకా మగవాళ్ల పేర్లు, రైళ్లు, ఎకరాలే వచ్చాయి. విలియానా హిక్‌మన్ గురించి ఎవరైనా చెప్తారేమో అని చూశాను. నేనే రాస్తాను.

1878 వసంతంలో కెంటకీ నుంచి వచ్చిన బృందంలో ఆమె, పాస్టరైన ఆమె భర్త, పిల్లలు ఉన్నారు. ఎల్లిస్‌లో దిగేసరికి పిల్లలకి తట్టు సోకింది. అక్కడే గుడారాలు వేసుకుని కొన్నాళ్లు ఆగిపోయారు. తర్వాత దిక్సూచి పట్టుకుని, రోడ్డు లేని మైదానంలో రెండు రోజులు ప్రయాణం. రాత్రిళ్లు మంటలు వేసి, జంతువులు దగ్గరికి రాకుండా మగవాళ్లు తుపాకులు పేల్చేవారట. చివరికి అదిగో నికోడెమస్ అని మగవాళ్లు కేకలేశారు. ఆమె ఎంత చూసినా ఊరు కనిపించలేదు. ఎక్కడ అని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగ వైపు వేలు చూపించాడు. ఆ పొగే ఊరు. నేల కింద మనుషులు వంట చేసుకుంటున్నారు. ఆమెకి ఏడుపు ఆగలేదు.

ముసలితనంలో ఆమె చెప్పిన ఈ జ్ఞాపకం 1930లలో పత్రికలో వచ్చింది. నికోడెమస్ మీద ఎక్కడ ఏం రాసినా ఇది లేకుండా ఉండదు. నేను పెళ్లయి మొదటిసారి నెబ్రాస్కా వచ్చినప్పుడు జనవరి. ఎటు చూసినా మంచు, ఒక్క మనిషి లేడు. కారులోంచి దిగి ఏడ్చాను. నాకు వెచ్చని ఇల్లు ఉంది, ఫోనులో అమ్మ ఉంది. ఆమెకి ఏముంది? అయినా ఆమె ఉండిపోయింది, పిల్లల్ని పెంచింది. నేను ఆమె మాటలు చదివిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

లంబాడీ_బిడ్డ:

అక్కా, నేలలోంచి లేచే పొగ అన్న మాట నా మనసులోంచి పోదిక.

పొద్దుతిరుగుడు:

మూడు రోజులు ఆఫీసులో టెన్షన్ వల్ల ఇటు రాలేకపోయాను. వచ్చి చూస్తే ఇంత సంపద! అందరికీ కృతజ్ఞతలు. విలియానా గారి భాగం మా అమ్మాయికి తెలుగులోనే చదివి వినిపించాను. బడిలో హిస్టరీ ప్రాజెక్టుకి ఇదే తీసుకుంటానంటోంది.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, గుర్తింపు ఎప్పుడు ఎలా వచ్చింది? రెండు, మునిసిపాలిటీ లేని ఊరికి పాత రికార్డులు ఎక్కడ ఉంటాయి? టౌన్ హాల్లో మినిట్స్ పుస్తకాల్లాంటివి ఉండవు కదా.

పాత_పటాలు:

1976లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ అయింది. 1996 నవంబరులో కాంగ్రెస్ చట్టంతో నేషనల్ హిస్టారిక్ సైట్ అయింది. అంతర్యుద్ధం ముగిశాక 1877 దాకా సాగిన పునర్నిర్మాణ కాలంలో మిసిసిపి నదికి పడమర వెలిసిన నల్లజాతి ఊళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఇదొక్కటేనని పార్క్ సర్వీసు చెబుతుంది. అయిదు కట్టడాలు రక్షణలో ఉన్నాయి: సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, ఏ.ఎం.ఇ. (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి, బాప్టిస్టు చర్చి, బడి, టౌన్‌షిప్ హాలు. పార్క్ సర్వీసు దానంతట అది రాలేదు. ఆ ఊరి వారసులు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, ఫొటోలు పోగుచేసి, ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి తీసుకొచ్చిన గుర్తింపు అది.

పాప ప్రాజెక్టులో వెరిల్ స్విట్జర్ పేరు కూడా రాయమనండి. నికోడెమస్‌లో పెరిగిన పిల్లవాడు, కాన్సస్ స్టేట్‌లో ఫుట్‌బాల్ ఆడి, 1954లో ప్రొఫెషనల్ జట్ల ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండులోనే నాలుగోవాడిగా గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకి ఎంపికయ్యాడు.

రికార్డుల సంగతి. ఊరికి ప్రభుత్వం లేకపోయినా భూమికి ఉంటుంది. హోమ్‌స్టెడ్ పట్టాలు ఫెడరల్ ల్యాండ్ ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి, పేరుతో ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. అమ్మకాలు కొనుగోళ్లు కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ దగ్గర. కాన్సస్ అప్పట్లో పదేళ్లకోసారి సొంతంగా జనగణన చేసేది. 1885 రాష్ట్ర జనగణనలో ఎక్కడి నుంచి కాన్సస్‌కి వచ్చారు అనే గడి ఉంది. ఆ గడిలో వరసగా కెంటకీ, కెంటకీ, కెంటకీ అని కనపడుతుంటే ఆ ఊరు కళ్లముందు నిలబడుతుంది. తర్వాత సమాధుల దొడ్డి, చర్చి రిజిస్టర్లు.

మజరా_మనిషి:

మన వైపు మజరాల చరిత్ర వెతికేవాళ్లు ఉంటే నేనూ నాలుగు మాటలు చెప్తాను. ఆంధ్రలో ఆర్.ఎస్.ఆర్. చూడండి, రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు. ఇనాం రికార్డులు, పాత అడంగళ్లు చూడండి. తెలంగాణలో భూముల సర్వే రిజిస్టరైన సేత్వార్, సాగుదారుల వివరాలుండే ఖాస్రా పహాణీ. మజరా పేరు గ్రామంగా దొరక్కపోవచ్చు, కానీ పొలాల పేర్లలో దొరుకుతుంది. గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లకి వదిలిన స్థలం, నంబర్లు రెండుంటే ఒకటి మజరాదే అయి ఉంటుంది. కల్నల్ మెకంజీ రాయించిన ఊళ్ల చరిత్రలు, కైఫీయత్తుల్లో ఊరి పుట్టుక, చెరువు ఎవరు తవ్వించారు అనేవి దొరుకుతాయి.

ఇంకో మాట. మా రికార్డుల్లో "బేచిరాగు గ్రామం" అని ఉండేది. చిరాగు అంటే దీపం. సర్వే నంబర్లుంటాయి, శిస్తు ఉంటుంది, రాత్రి దీపం పెట్టే మనిషి ఉండడు. కలరా వల్లో, కరువు వల్లో, చెరువు తెగడం వల్లో ఖాళీ అయిన ఊళ్లు. మా ఆవిడ పుట్టింటి పక్కన అలాంటిది ఒకటుంది. పాడుబడ్డ ఆంజనేయస్వామి గుడి, చింతచెట్లు మిగిలాయి. ఏడాదికోసారి శ్రావణ శనివారం చుట్టుపక్కల స్థిరపడ్డ ఆ ఊరివాళ్లంతా వచ్చి పొంగళ్లు పెట్టుకుని వెళ్తారు. నికోడెమస్‌లో అలాంటిదేమైనా ఉందా?

పాత_పటాలు:

ఉంది సార్! మీరు అడుగుతారని ఎదురుచూస్తున్నట్టుగా ఉంది నాకు. మొదట్లో ఆగస్టు 1న విమోచన దినం జరుపుకునేవారు. బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయిన రోజది. ఇప్పుడు జూలై చివరి వారాంతంలో "హోమ్‌కమింగ్" అని చేస్తారు. మొదట వచ్చినవాళ్ల వారసులు దేశం నలుమూలల నుంచి వస్తారు. 14 మంది ఊరు వందల మంది ఊరవుతుంది. బయటివాళ్లూ వెళ్లొచ్చు. కాన్సస్ జూలై ఎండ, నీళ్లు బాగా పట్టుకెళ్లండి. నికోడెమస్‌లో బస ఉండదు, హిల్ సిటీలోనో స్టాక్‌టన్‌లోనో ముందే గది చూసుకోండి.

పొద్దుతిరుగుడు:

స్టాక్‌టన్‌లో గది తీసుకున్నాం, శుక్రవారం బయల్దేరుతున్నాం. పాప ప్రశ్నల కాగితం తయారుచేసుకుంది. వానచినుకు గారూ, మీరు నెబ్రాస్కా నుంచి వచ్చేట్టయితే చెప్పండి, టౌన్‌షిప్ హాలు దగ్గర కలుద్దాం.

వానచినుకు:

వస్తున్నాను. మా నుంచి నాలుగు గంటల దారి. పులిహోర చేసి తెస్తాను.

లంబాడీ_బిడ్డ:

ఫొటోలు పెట్టండి అక్కా. మా తండాలో ముసలివాళ్లు ఇంకా ఆరుగురు ఉన్నారు, ఎక్కడి నుంచి వచ్చి ఇక్కడ ఆగారో చెప్పగలిగేవాళ్లు. సెలవు పెట్టి వచ్చే నెల ఊరికి వెళ్తున్నాను, ఫోనులో రికార్డు చేద్దామని. మజరా_మనిషి సార్, ముందు ఏమడగాలో మీరు చెప్పగలరా?

మజరా_మనిషి:

మొదట నీళ్ల గురించి అడుగు బాబూ. ఏ బావి ముందు తవ్వారు, ఎవరు తవ్వారు, ఎంత లోతుకి నీళ్లు పడ్డాయి. మిగతాదంతా వాళ్లే చెప్పుకుంటూ పోతారు. మాటలు వాళ్ల గోర్ బోలిలోనే రికార్డు చెయ్యి, తెలుగులో అడిగి తెలుగులో చెప్పించకు. ఆరుగుర్నీ విడివిడిగా కూర్చోబెట్టు. పొలాల పేర్లు రాసుకుని నాకు పంపు, ఖాస్రాలో ఎలా వెతకాలో చెప్తాను.